నాన్న చూపించిన రంగూన్

మొన్న మా కోడలు ఆన్‌లైన్‌లో ఏదో ఫేస్‌ప్యాక్ తెప్పించుకుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల లేత పసుపు పొడి. తను వంటింట్లో గిన్నెలో నీళ్ళు పోసి కలుపుతుంటే హాల్లో చిక్కుడుకాయలు వలుస్తున్న నాకు వాసన తగిలింది. గంధం కాదు, గంధానికి దూరపు చుట్టం. కాస్త చేదు, కాస్త తడిసిన చెక్క. చేతిలో కాయలు అక్కడే పడేసి లేచి వెళ్ళాను. "ఏంటత్తయ్యా, ఏమైంది?" అంది కంగారుగా. డబ్బా తిప్పి చూస్తే థనకా అని రాసి ఉంది.

మా ఇంట్లో అది పొడిగా ఎప్పుడూ ఉండేది కాదు. బెరడు తీయని జానెడు కొమ్మ ముక్క ఉండేది. దానికో గుండ్రటి సానరాయి, అంచు చుట్టూ నీళ్ళు జారడానికి సన్నటి గాడి. అమ్మ నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి కొమ్మని గుండ్రంగా అరగదీసేది. ముందు నీళ్ళే తిరిగేవి, కాసేపటికి బెరడు కరిగి చిక్కబడేది. స్నానం అయ్యాక నాకూ మా అప్పకీ (మావైపు అక్కని అప్ప అంటారు) బుగ్గల మీద రెండు గుండ్రాలు, ముక్కు మీద ఒక గీత. ఆరేసరికి చర్మం బిగుసుకునేది, నవ్వితే సన్నటి పగుళ్ళు వచ్చేవి. బడికి అలాగే పోయేవాళ్ళం. బడిలో ఆడపిల్లలందరివీ అవే బుగ్గలు.

నేను పుట్టింది బర్మాలోని రంగూన్‌లో. పదకొండో ఏట, 1964లో, ఓడెక్కి విశాఖపట్నం వచ్చేశాం.

రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవాళ్ళు. మా తాత కళింగపట్నంలో స్టీమరెక్కి వెళ్ళి అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా శ్రీకాకుళం వైపు ఆ రోజుల్లో అప్పులైనా రంగమే, అన్నదమ్ములతో పడకపోయినా రంగమే. 1931 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో సగానికి పైగా ఇండియా వాళ్ళేనట. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు బాంబులు వేసినప్పుడు తాత గుంపులో కలిసి అరకాన్ కొండల మీదుగా నడిచి ఇంటికొచ్చాడు. యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళాడు, ఈసారి పెళ్ళాం పిల్లల్ని తీసుకుని. అంత నడిచొచ్చినవాడివి మళ్ళీ ఎందుకెళ్ళావని ఎవరో అడిగితే "పని అక్కడుంది" అన్నాడట. అంతే, ఇంకో ముక్క లేదు. మా ఇంట్లో మగాళ్ళందరూ అంతే.

నాన్న బస్తాలు మోయలేదు. నాలుగక్షరాలు వచ్చు గనక ఫ్రేజర్ వీధిలో ఒక పప్పుల కొట్లో గుమాస్తాగా చేరాడు. ఆ వీధి పేరు అప్పటికే అనవ్రహ్తా రోడ్డని మారింది గానీ మాకు ఫ్రేజర్ వీధే. పొద్దున్న మేం లేచేసరికి వెళ్ళిపోయేవాడు, రాత్రి మేం పడుకున్నాక వచ్చేవాడు. నాన్న అంటే నాకు చాలా ఏళ్ళు కందిపప్పు వాసన వేసే చొక్కా మాత్రమే.

\*

రంగూన్ నడిబొడ్డు అంతా ఇంగ్లీషువాళ్ళు గళ్ళు గీసి కట్టిన ఊరు. నదికి సమానంగా పెద్ద రోడ్లు, వాటిని కోస్తూ సన్నటి సందులు. చాలా సందులకి నంబర్లే పేర్లు. మా సందు ఎంత సన్నమంటే ఎదురింటి వాళ్ళ పులుసులో ఏం పడిందో మాకు తెలిసేది, మా ఇంట్లో ఏ విషయానికి గొడవ పడ్డామో వాళ్ళకి తెలిసేది. మేముండేది మూడో అంతస్తులో, రెండు గదులు. మెట్లు నిటారుగా, పగలు కూడా చీకటిగా ఉండేవి.

అందుకని ప్రతి బాల్కనీ నుంచీ కింది దాకా ఒక తాడు వేలాడేది. పైన కొసకి చిన్న గంట, కింద కొసకి బుట్ట. కింద నుంచి ఎవరైనా గుంజితే పైన గంట మోగుతుంది. బుట్టలో డబ్బులు వేసి దింపితే వస్తువు పైకొస్తుంది. పేపర్లు, ఉత్తరాలు, కొత్తిమీర, మర్చిపోయిన తాళంచెవి, అన్నీ ఆ తాడు మీదే ఎక్కేవి, దిగేవి. ఏ గంట ఎవరిదో సందులో పిల్లలందరికీ తెలుసు. మాది కాస్త పగిలిన గొంతు.

తెల్లారకముందే "పే బ్యో...క్" అని ఒకావిడ అరుచుకుంటూ వచ్చేది, తల మీద పళ్ళెంలో ఉడికించిన మొలక బఠాణీలు. ఆ రెండో మాట సాగదీసి సాగదీసి సందు మలుపు తిరిగేదాకా వదిలేది కాదు. వెనకాలే మొహింగా కావిడి. ఒక వైపు పొయ్యి మీద పొగలు కక్కే చేపల పులుసు కుండ, అందులో అరటి దవ్వ ముక్కలు. రెండో వైపు బియ్యం సేమ్యా, గిన్నెలు, నిమ్మకాయలు. అమ్మ కొననిచ్చేది కాదు. "ఇంట్లో చద్దన్నం ఉండగా వీధి తిండేంటే" అనేది. అమ్మ నీళ్ళ పంపు దగ్గరికి దిగడం ఆలస్యం, అప్ప బుట్ట దింపేసేది. గిన్నె పైకొచ్చే లోపల తాడు ఊగి సగం పులుసు రెండో అంతస్తు వాళ్ళు ఆరేసుకున్న లుంగీల మీద పడేది. తిట్లు వాళ్ళు బర్మాలో తిట్టేవాళ్ళు. అమ్మకి బర్మా సరిగ్గా రాదు గనక బతికిపోయేవాళ్ళం.

ఇంత ఊళ్ళో ఉండి మేం చూసిందేమీ లేదు. షూలే పగోడా బడికి వెళ్ళే దారిలోనే ఉండేది. ఊరి నడిమధ్యన, నాలుగు రోడ్ల కూడలిలో, చుట్టూ జాతకాలు చెప్పేవాళ్ళూ పూలకొట్లూ పెట్టుకుని. రోజూ దాటే దాన్ని చూడటమని ఎవరంటారు? శ్వేడగాన్ అయితే మేడెక్కితే కనబడేది. ఆదివారం మధ్యాహ్నం నాన్నకి సగం పూట సెలవు. తీసుకెళ్ళమని అప్ప వెంటపడేది. "ఇంకో వారం పోదాంలే" అని చాప మీద అటు తిరిగి పడుకునేవాడు. వారమంతా నిలబడే ఉద్యోగం మరి.

\*

1964 మార్చిలో సైనిక ప్రభుత్వం కొట్లన్నీ తన పరం చేసుకుంది. పెద్దవీ చిన్నవీ అని లేదు. మా నాన్న పని చేసే షావుకారు అంతకుముందే సర్దుకుని వెళ్ళిపోయాడు. మే నెలలో యాభై చాట్లు, వంద చాట్ల నోట్లు చెల్లవని రేడియోలో చెప్పారు. మా దగ్గర పెద్ద నోట్లు ఎన్నో లేవులెండి, కానీ ఉన్నవి అవే. సందులో ఒక్కో గంట మూగబోవడం మొదలైంది. ముందు ఎదురింటి తమిళాయన, తరవాత మూల మీద బెంగాలీ వాళ్ళు. నాన్న కూడా మా పేర్లు రాయించాడు. ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు.

నాన్న పగలు ఇంట్లో ఉండటం మాకు అదే మొదటిసారి. ఎలా మెలగాలో తెలిసేది కాదు. గట్టిగా ఆడుకుంటే కోప్పడతాడేమోనని మేం, ఏం మాట్లాడాలో తెలియక ఆయన. అమ్మ మూటలు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. ఒకరోజు పొద్దున్నే గొడుగు తీసుకుని "పదండే గుంటలూ, ఊరు చూసొద్దాం" అన్నాడు.

అమ్మ నోరు తెరిచింది. "ఇప్పుడా? డబ్బులకి ఇంత టెన్షన్ పడుతుంటే?"

"ఈ డబ్బులు ఓడెక్కనివ్వరు. ఇక్కడివి ఇక్కడే అవగొట్టేద్దాం" అన్నాడు నాన్న.

అలా మొదలైంది. అప్పటికి వానలు పట్టేశాయి. రంగూన్ వాన మన వాన లాంటిది కాదు, ఒకసారి పట్టుకుంటే అక్టోబరు దాకా ఊరినంతా నాచు పట్టిస్తుంది. నాన్నకి ఒక గొడుగు, మా ముగ్గురికీ ఇంకోటి.

\*

ముందు శ్వేడగాన్. దక్షిణం వైపు మెట్ల దగ్గర దిగాం. అటూ ఇటూ మేడంత ఎత్తున రెండు సింహాలు. చెప్పులు కిందే విప్పాలి. మెట్ల పొడుగునా పైకప్పు ఉంటుంది, రెండు పక్కలా కొట్లు. పూలు, కొవ్వొత్తులు, బంగారు రేకులు, కాగితపు గొడుగులు, బంగారు రంగు వేసిన గుడ్లగూబల జతలు. అప్ప ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది. గుడ్డు ఆకారంలో ఎర్రటి బొమ్మ, కాగితపు గుజ్జుతో చేసింది, అడుగున మట్టి బరువు. ఎటు పడేసినా లేచి కూర్చుంటుంది. దాన్ని ఎలాగైనా పడుకోబెట్టాలని అప్ప మెట్ల మీదే కూర్చుని నొక్కీ నొక్కీ చూసింది. నాన్న బేరం కూడా ఆడకుండా కొనేశాడు. బేరమాడకపోవడం చూసి అమ్మకి ఏడుపొచ్చింది.

పైకి వెళ్ళాక అందరం కాసేపు మాట్లాడలేదు. దాదాపు వంద మీటర్ల స్తూపం, అడుగు నుంచి కొస దాకా బంగారం, ఆ రోజు దాని పైభాగం మబ్బులో ఉంది. చలవరాళ్ళ మీద వాననీళ్ళు నిలిచి మా కాళ్ళ కింద కూడా బంగారమే. అమ్మ మాత్రం చివరికి "మన అప్పన్నకి ఇంత లేదు" అంది కొంచెం కినుకగా.

స్తూపం చుట్టూ వారాల మూలలుంటాయి. ఎవరు పుట్టిన వారానికి వాళ్ళది ఒక మూల, ఒక జంతువు. అక్కడున్న బుద్ధుడి మీద చిన్న గిన్నెతో నీళ్ళు పోయాలి. సోమవారం పులి, అది అమ్మ. మంగళవారం సింహం, అది నేను. శనివారం నాగం, అది అప్ప. శుక్రవారం వాళ్ళకి గినీపంది. మాలో ఎవరూ శుక్రవారం పుట్టనందుకు ఊపిరి పీల్చుకున్నాం. బుధవారాన్ని మాత్రం రెండు చేశారు. పొద్దున పుడితే దంతాలున్న ఏనుగు, మధ్యాహ్నం దాటాక పుడితే దంతాల్లేని ఏనుగు, దానికి అధిపతి రాహువు. నాన్న బుధవారం మధ్యాహ్నం వాడట. వాయవ్యం మూలకి వెళ్ళి గిన్నె తరవాత గిన్నె పోస్తూనే ఉన్నాడు. వెనక బర్మా ముసలాయన తన వంతు కోసం వానలో నిలబడ్డాడు గానీ తొందరపెట్టలేదు.

ఆ ముసలాయనే తరవాత మమ్మల్ని గంట దగ్గరికి తీసుకెళ్ళాడు. 18వ శతాబ్దంలో సింగు రాజు పోయించిన గంట, బరువు 23 టన్నులు. బర్మాతో జరిగిన మొదటి యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎత్తుకుపోదామని రేవుకి లాక్కెళితే నదిలో పడిపోయింది. ఎత్తలేక వదిలేశారు. బర్మావాళ్ళు నీళ్ళలో దిగి, దాని కింద వెదురు బొంగులు కట్టి, తేల్చి, మళ్ళీ కొండకి తెచ్చుకున్నారు. ఆయన ఒక్కో మాటా చెప్పడం, నాన్న తెలుగులో చెప్పడం. వెదుళ్ళు కట్టే చోటు వచ్చేసరికి నాన్న ఆయన కంటే ముందే చెప్పేశాడు. అంటే ఆయనకి ఈ కథ ముందే తెలుసన్న మాట. ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదో.

జూ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 1906 నాటిది, పక్కనే రాయల్ లేక్స్. వానకి పులులు గుహల్లోంచి బయటికి రాలేదు. కోతులకి వేద్దామని కొన్న పల్లీలు మేమే తినేశాం. స్కాట్ మార్కెట్‌లో అమ్మ ఒక పట్టు లుంగీ చాలాసేపు చేత్తో తడిమి, మడత పెట్టి ఇచ్చేసింది. రేవు రోడ్డులో స్ట్రాండ్ హోటల్‌ని అవతలి పక్క నిలబడి చూశాం. 1901లో కట్టిన తెల్లటి భవంతి, తలపాగా కట్టుకున్న దర్వాను. "లోపల ఫ్యాన్లు కూడా చప్పుడు చెయ్యవట" అన్నాడు నాన్న.

బొటతౌంగ్ పగోడా మాత్రం నాకు ఇష్టం. నది ఒడ్డునే ఉంటుంది. 1943లో యుద్ధపు బాంబు పడి కూలిపోతే స్వతంత్రం వచ్చాక మళ్ళీ కట్టారు. మామూలుగా స్తూపం లోపలికి ఎవరూ వెళ్ళలేరు. దీన్ని బోలుగా కట్టారు, లోపల వంకరటింకరగా నడవా, గోడలనిండా అద్దం ముక్కలు. ఎటు తిరిగినా అప్ప ముక్కు ఒకచోట, నా జడ ఒకచోట. నాన్న బయటే ఉండిపోయాడు. మేం వచ్చేసరికి నది వైపు నిలబడి ఉన్నాడు. "అదిగో, ఆ జెట్టీ మీదే మీ తాత బస్తాలు మోసింది. పలక మీద నడవాలి, ఓడ ఊగితే పలకా ఊగుద్ది" అన్నాడు. పలక ఎంత వెడల్పు ఉండేదో చేతులు చాపి చూపించాడు. నిజం చెప్పాలంటే పగోడాల కంటే ఆ జెట్టీని ఎక్కువసేపు చూపించాడు.

\*

అన్నిటికంటే బాగా గుర్తున్నది రైలు. ఊరి చుట్టూ తిరిగొచ్చే సర్క్యులర్ రైలు. పెద్ద స్టేషన్‌లో ఎక్కితే దాదాపు 46 కిలోమీటర్లు చుట్టి, మూడు గంటల తరవాత మళ్ళీ అదే స్టేషన్‌లో దింపేది.

"ఎక్కడికీ పోని రైలు ఎందుకెక్కాలయ్యా?" అంది అమ్మ. ఇప్పటికీ నా దగ్గర దానికి జవాబు లేదు.

చెక్క బెంచీలు, అద్దాల్లేని కిటికీలు. నాలుగైదు స్టేషన్లు దాటేసరికి ఊరు అయిపోయి రేకుల ఇళ్ళు, ఇన్సేన్ దాటాక పొలాలు. మడుల్లో తూటికూర నీళ్ళ మీద పరుచుకుని ఉండేది, మొలలోతు నీళ్ళలో ఆడవాళ్ళు కోస్తుండేవాళ్ళు. కోసిన కట్టలు వెదురు బుట్టల్లో వేసుకుని ఎక్కేవాళ్ళు, వాళ్ళతో పాటు సగం మడి నీళ్ళూ ఎక్కేవి. పెట్టె అంతా పచ్చివాసన. చుట్టలు కాల్చే ముసలమ్మలు, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కల పిల్లలు. ఒకావిడ బుట్ట నాన్న కాళ్ళ మీద పెట్టి హాయిగా నిద్రపోయింది. నాన్న కాళ్ళు కదపలేదు.

కదపకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు కొట్లో జీడిపప్పు దొంగిలించి తన్నులు తిన్నది, జపాన్ వాళ్ళ టైంలో తాత కొండలు దాటి నడిచొచ్చింది, అమ్మని పెళ్ళిచూపుల్లో చూడకుండానే సరే అన్నది. అమ్మ కిటికీ బయటికి చూస్తూ "అబద్ధం, తలుపు సందులోంచి చూశారు" అంది. అప్పా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వీళ్ళిద్దరూ ఇలా మాట్లాడుకోగలరని మాకు తెలీదు.

పెద్ద స్టేషన్ వచ్చింది. అందరూ దిగారు. నాన్న కిటికీలోంచి గడియారం చూసి, జేబులో చిల్లర లెక్కపెట్టి, "ఇంకో చుట్టు తిరుగుదామా?" అన్నాడు. తిరిగాం.

\*

ఓడెక్కేవాళ్ళు బంగారం తీసుకెళ్ళడానికి వీల్లేదన్నారు. అమ్మ చెవి కమ్మలు, నా మురుగులు పై అంతస్తు బర్మా అవ్వకి ఇచ్చేసి పసుపుతాడుతో బయల్దేరింది. సానరాయి బరువని అది కూడా అవ్వకే. థనకా కొమ్మ మాత్రం మూటలో దోపుకుంది. విశాఖలో బర్మా క్యాంపులో గంధపు సాన మీద దాన్నే అరగదీసి మా బుగ్గలకి రాసేది. ఇక్కడి బడిలో పిల్లలు నవ్వుతున్నారని అప్ప మానేసింది, అప్ప మానేసిందని నేనూ. అప్ప బొమ్మ మొదటి వానాకాలానికే నానిపోయి, అడుగున ఉన్న మట్టి ముద్ద మిగిలింది.

2018 చలికాలంలో సింగపూర్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి నన్ను తీసుకెళ్ళాడు. ఇప్పుడు యాంగోన్ అనాలి. వాడి ఫోన్‌లో తప్పక చూడాల్సిన స్థలాల లిస్టు ఉంది. అందులో చెరువు మీద బంగారు పక్షుల పడవలా ఉన్న కరవైక్ హాలు మేం వచ్చేశాక కట్టింది, నాకేమీ అనిపించలేదు. మొగలుల చివరి చక్రవర్తి బహదూర్ షా జఫర్ 1862లో పోయింది ఈ ఊళ్ళోనే. ఆయన అసలు సమాధి ఎక్కడుందో 1991లో తవ్వకాల్లో గానీ బయటపడలేదు. అక్కడ కాసేపు కూర్చున్నాం. ట్రాఫిక్ చూస్తే నవ్వొచ్చింది. 1970లో రోడ్డుకి కుడివైపు నడపాలని మార్చారట, కార్లన్నీ మాత్రం జపాన్ నుంచి వచ్చిన పాతవి, స్టీరింగ్ కూడా కుడివైపే. ఓవర్‌టేక్ చేసేముందు డ్రైవరు మా అబ్బాయిని అడిగేవాడు, ఎదురుగా ఏమైనా వస్తోందా అని.

శ్వేడగాన్‌కి ఇప్పుడు లిఫ్టు ఉంది. మేం వెళ్ళినప్పుడు విదేశీయులకి టిక్కెట్టు పదివేల చాట్లు. కౌంటర్‌లో అమ్మాయికి నేనిక్కడే పుట్టానని బర్మాలో చెప్పబోయాను. నాలుగు మాటలు వచ్చాయి, ఐదోది రాలేదు. ఆ పిల్ల ముద్దుగా నవ్వి నా చీర మీద విజిటర్ స్టిక్కర్ అతికించింది. బుగ్గల మీద థనకా గుండ్రాలు.

మా సందులో మేమున్న ఇల్లు లేదు, ఆ స్థలంలో ఎనిమిదంతస్తుల బిల్డింగ్. కానీ ఎనిమిదో అంతస్తు నుంచి కూడా తాళ్ళు వేలాడుతున్నాయి. బుట్టల బదులు కాగితాలకి పెట్టే క్లిప్పులు వచ్చాయి. ఒకటి గుంజబోతే మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. రైలు కూడా ఎక్కాం. వాడు అరగంటకే ఫోన్ తీశాడు. ఇంకో చుట్టు సంగతి నేను ఎత్తలేదు. 2021లో మళ్ళీ సైన్యం వచ్చాక ఆ వైపు వెళ్ళే మాటే లేదు.

నాన్న విశాఖలో ఆ తరవాత ముప్ఫై ఏళ్ళకు పైగా బతికాడు. ఇక్కడా కొట్టు గుమాస్తానే, ఇక్కడా ఆదివారం సగం పూట సెలవే. అప్ప పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఎక్కుదామని అందరం బయల్దేరాం. తాతని కూడా రమ్మని పిల్లలు మంచం పట్టుకుని ఊపేశారు. "అదెక్కడికి పోద్దిరా, ఇంకో వారం పోదాంలే" అని అటు తిరిగి పడుకున్నాడు. అమ్మ అప్పటికే చీర మార్చుకుని గుమ్మంలో చెప్పులేసుకుంటోంది.